రేటు గెలిచాం, బేరం ఓడిపోయాం

నాట్ల కాలం వచ్చిందంటే ఊళ్ళలో ఒకటే పాట. "కూలీలు దొరకట్లేదు, దొరికినా రేట్లు ఆకాశంలో ఉన్నాయి." టీ కొట్టు దగ్గర అదే మాట, ఎరువుల షాపు దగ్గర అదే మాట, టీవీ చర్చకొచ్చిన పెద్దమనిషి నోట కూడా అదే. అబద్ధమని నేననను. ఆ పదిహేను, ఇరవై రోజులూ కూలి పెరిగే మాట నిజం. కానీ ఆ నాలుగు రోజుల రేటు చూపించి కూలిమనిషి ఏడాది సంపాదనంతా లెక్కకట్టేస్తారే, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది.

మన కూలివాళ్ళ మీద కూడా నాకో ఫిర్యాదు ఉంది. ఎదుటివాళ్ళు రేటు గురించే మాట్లాడుతున్నారని మనమూ రేటు మీదే బేరమంతా పెడుతున్నాం. ఎన్ని గంటలు, ఎవరి ఆటో, ఎవరి కొలత, ఎవరి కాటా, డబ్బు ఏ రోజు చేతికొస్తుంది, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు అనే వాటి మీద నోరు తెరవం. ఎకరానికి రెండొందలు పెంచుకున్నామని సంబరపడి ఇంటికొస్తాం. ఆ రెండొందలూ ఎప్పుడో వేరే దారిన పోయి ఉంటాయి.

మా అమ్మ చాలా ఏళ్ళు నాట్ల ముఠాకు, అంటే కలిసి కూలికి పోయే జట్టుకు, పెద్ద. ఖమ్మం జిల్లాలో సాగర్ కాలువ కింద ఊరు మాది. కాలువ కింద వరి, మెట్టలో పత్తి, మిర్చి. చదువుకునే రోజుల్లో సెలవులకు నేనూ ముఠాతో పొలానికి పోయేదాన్ని. అంతకంటే ఎక్కువగా ముఠా లెక్కల నోటుబుక్కు నా చేతిలో ఉండేది. ఎవరు ఏ పూట వచ్చారు, ఏ రైతు ఎంత ఇచ్చాడు, ఎంత బాకీ పెట్టాడు, ఆటోకెంత పోయింది, అన్నీ రాయాలి. పొలంలో నడుం వంచినప్పుడు తెలియని సంగతులు ఆ నోటుబుక్కు ముందు కూర్చుంటే తెలిసేవి.

ఒక లెక్క చూడండి. అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవే, ఏ ఏడాది రేటూ కాదు. ఎకరం నాటుకు 5,000 గుత్త, అంటే రోజు కూలి కాకుండా పని మొత్తానికి ఇంతని. ముఠాలో పది మంది. పొలం రెండెకరాలని రైతు చెప్పాడు, రెండు రోజుల పని. గంటసేపు వాదించి ఎకరానికి 200 పెంచాం అనుకుందాం. రెండెకరాలకు 400, తలకు 40 రూపాయలు. పొలం నిజానికి రెండెకరాల పది గుంటలు. ఆ పది గుంటలంటే పావెకరం, పాత రేటుకే 1,250 రూపాయల పని, తలకు 125. దాన్ని ఎవరూ అడగలేదు. ఆటోకు రోజుకు మనిషికి 50, రెండు రోజులకు వంద. అదీ మాట్లాడలేదు. ఇక నారు పీకి, కట్టలు కట్టి, మళ్ళలో పంచేది ఎవరు? బేరంలో అది రాకపోతే ముఠా నెత్తినే పడుతుంది, తెల్లారగట్ల రెండు గంటల పని. గంటసేపు గొంతు చించుకుని తెచ్చుకున్నది నలభై, మాట్లాడకుండా వదిలేసింది రెండొందల పైచిలుకు. ఇట్లాంటి పేజీలే ఆ నోటుబుక్కు నిండా.

అందుకే మా అమ్మ రాను రాను బేరం ఎత్తుకునే తీరే మార్చేసింది. ఒక కౌలు రైతు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మాటలు దాదాపు ఇలాగే సాగాయి.

"ఎకరానికి ఎంతంటావక్కా?"

"రేటు చివర్న మాట్లాడుకుందాం లే బాబూ. నారు ఎవరు పీకుతారు?"

"మీరే కదా ఎప్పుడూ."

"ఎప్పుడూ మేమే. అందుకే అడుగుతున్నా. పొలం కాలువ చివర కదా, ఆటో ఎవరిది?"

"సగం పెట్టుకుంటా."

"మడికి నీళ్ళు పెట్టి బురదగా దున్ని దమ్ము చేసి ఎన్నాళ్ళయింది? నిరుడు మీ మడి మోకాలి లోతు దిగింది, కాలు తీసి కాలు వేయలేక చచ్చాం. చదును చేయించు. గట్లు పోను కొలిచి ఇస్తావా, పాసుబుక్కులో ఉన్నది ఇస్తావా?"

అతను నవ్వేశాడు. "అక్కా, నువ్వు రేటే చెప్పేయ్, ఈ ప్రశ్నలకంటే అదే నయం."

ఆ మాటలో చాలా సంగతి ఉంది. రేటు ఒక్కటే అయితే రైతుకు సులువు, ఓ వంద తగ్గించమంటాడు, ఓ వంద పెంచుతాడు, అయిపోతుంది. ఈ ప్రశ్నలన్నీ అడిగితే పని పూర్తి ఖరీదు బయటపడుతుంది. అది ఆయనకు కొత్తగా తెలిసేదేమీ కాదు, పైకి ఒప్పుకోవాల్సి రావడమే కష్టం. ఆ రోజు చివరికి రేటులో అమ్మ పెద్దగా పట్టుబట్టలేదు. నారు పీకడానికి రైతే మగ మనుషుల్ని పెట్టుకున్నాడు, ఆటో సగం ఇచ్చాడు, పొలం టేపు పెట్టి కొలిచారు. నోటుబుక్కులో ఆ వారం తలకు వచ్చిన మొత్తం, ఎక్కువ రేటుకు ఒప్పుకున్న పక్క ముఠా కంటే ఎక్కువే తేలింది.

మరి ఇట్లా అడిగే బలం ఎప్పుడు ఉంటుంది? మనవాళ్ళు అనుకునేది నాట్ల వారంలోనే అని. కాలువకు నీళ్ళు వదలగానే ఊరంతా ఒకేసారి దమ్ము చేస్తుంది. నారు 25 రోజుల్లో ఉండగా పడాలి, నెల దాటి ముదిరితే పిలకలు తగ్గుతాయి, దిగుబడి పోతుంది. ఆ వారంలో రైతు ముఠాల ఇళ్ళ చుట్టూ తిరుగుతాడు. పత్తి పగిలి ఉండగా మబ్బు పట్టిన రోజు కూడా అంతే. ఆ బలం నిజమే, కానీ నాలుగు రోజులది. నాట్లయిపోయి కలుపు సమయానికి పది మందిని పిలవాల్సిన చోట ముగ్గుర్ని పిలుస్తారు, లేదా కలుపు మందు కొట్టేస్తారు. వరి కోత కూలి అనేదే లేకుండా పోయింది, మిషన్ వచ్చి గంటల్లో ఎకరాలు కోసి పోతుంది. "నాట్లప్పుడు మమ్మల్ని పిండారుగా" అన్న మాట కలుపుల దాకా గుర్తుంటుంది. నాలుగు రోజుల బలంతో చేసిన బేరం మిగతా ఏడాదంతా మనకే ఎదురు తిరుగుతుంది.

నా వాదన ఏమిటంటే, బేరం సీజన్‌కు ముందే కావాలి. ఎండలు తగ్గి దుక్కులు మొదలయ్యే రోజుల్లో, ఎవరికీ తొందర లేనప్పుడు. నాటు, రెండు కలుపులు, పత్తి ఏరుడు, అన్నీ కలిపి ఫలానా పది మంది రైతులతో ఫలానా ముఠా. రైతుకు కావలసింది చవక కూలి ఒక్కటే కాదు, నారు ముదరకముందే మనుషులు వస్తారన్న భరోసా కూడా. ఆ భరోసాకు ఒక ఖరీదు ఉంది, మనం ఇన్నాళ్ళూ దాన్ని ఉచితంగా ఇస్తున్నాం, లేదా అసలు ఇవ్వడమే లేదు.

దీనికి ఎదురు వాదన నేను చాలాసార్లు విన్నాను. మా చిన్నమ్మే అంటుంది: "ముందే మాటిచ్చేసి, నాట్లప్పుడు పక్క పొలంలో వెయ్యి ఎక్కువిస్తుంటే చూస్తూ కూర్చోవాలా?" సరైన ప్రశ్నే. దానికి మా ముఠా కనిపెట్టిన దారి ఇది: ముందు ఒప్పుకున్నది కనీసం. నాట్ల రోజుల్లో ఊళ్ళో రేటు పైకి పోతే ఆ తేడాలో సగం రైతు కలపాలి. సగమే ఎందుకంటే మిగతా సగానికి బదులు కలుపుల్లో అదే ముఠాను పిలుస్తానని అతను మాటిస్తున్నాడు. బయానా తీసుకున్నాక ముఠా జారిపోకూడదు, రైతు వేరే ముఠాను దింపకూడదు. అన్నిసార్లూ ఇది నిలబడిందా అంటే లేదు. ఒకరిద్దరు ఆశపడి పోయారు, ఒక పెద్ద రైతు మాటిచ్చి పక్క ఊరి మనుషుల్ని దింపాడు. అయినా ఒకరి నోటి మాటను నమ్ముకుని గట్టు మీద చేసే బేరం కంటే ఇది వంద రెట్లు నయం.

పత్తి దగ్గర సంగతి వేరు. అక్కడ కొలత కిలోల్లో, మోసం కాటాలో. స్ప్రింగు కాటాకు మూట తగిలించి, ముల్లు నిలవకముందే అంకె చెప్పేసి, సంచి బరువని ఒక కిలో, మంచు తడి అని ఇంకో కిలో తీసేస్తారు. మంచు తడి ఉంటే రైతుకు నష్టమే, నేను కాదనను, తడి పత్తికి మార్కెట్లో కోత పడుతుంది. అయితే పొద్దెక్కి మంచు ఆరాక ఏరడం మొదలుపెట్టమనండి. తెల్లారగట్ల దింపేది ఆయనే, తడి అని తీసేసేదీ ఆయనేనా? ఇక్కడ అడగాల్సింది రెండే. ఖాళీ సంచిని ముందు తూచి ఆ బరువే తీయాలి. ముల్లు నిలిచాక ముఠాలో ఒకరు చూసి చెప్పాలి. ఇంకో ముఖ్య విషయం, మొదటి ఏరుడుకూ చివరి ఏరుడుకూ ఒకే కిలో రేటు ఒప్పుకోకూడదు. మొదట్లో కాయ గుత్తులుగా పగిలి చేతినిండా వస్తుంది. చివర్లో చెట్టు చెట్టూ వెతికినా సంచి నిండదు, నిండే సంచికి ఒక రేటు, నిండని సంచికి ఇంకో రేటు ఉండాలి.

డబ్బు ఏ రోజు ఇస్తారన్నది కూడా రేటంత పెద్ద సంగతే. "పంట అమ్మాక ఇస్తాను" అనే మాటలో వడ్డీ లేని అప్పు దాక్కుని ఉంది. అప్పిస్తున్నది ఎవరు? ఊళ్ళో అందరికంటే తక్కువ ఉన్నవాళ్ళు. ఆ నెలలన్నీ వాళ్ళు కిరాణా కొట్లో ఖాతా పెట్టుకుని, డ్వాక్రా కిస్తీకి చేబదుళ్ళు తిరుగుతారు. చట్టం ఈ విషయంలో చాలా సూటిగా ఉంది. 2019 నాటి వేతనాల కోడ్ ప్రకారం రోజు కూలి ఆ రోజు పని ముగిసేసరికి ఇవ్వాలి, వారం కూలి అయితే వారంలో చివరి పనిరోజున.

చట్టం అంటే మనూళ్ళలో నవ్వుతారు. నవ్వడానికి కారణాలున్నాయి. 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే వ్యవసాయాన్ని చేర్చారు. అయిదేళ్ళు మించకుండా రేట్లు సవరించాలని కూడా అందులో రాశారు. ఇన్నేళ్ళలో కార్మిక శాఖ అధికారి ఒకరు మా పొలం గట్టు మీద నిలబడి "మీకెంత ఇస్తున్నారమ్మా" అని అడగడం నేను చూడలేదు. అయినా చట్టాన్ని తీసిపారేయను. 1982లో ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడల) కట్టడాల పనుల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని తేల్చింది. ఆకలికి తట్టుకోలేక మనిషి తనంతట తాను ఒప్పుకున్నా సరే, అది ఇష్టపూర్వకంగా చేసిన పని కాదని చెప్పింది. "మీరే ఒప్పుకున్నారుగా" అని ఎవరైనా అంటే చెప్పడానికి మన చేతిలో ఉన్న జవాబు ఇదే. కోర్టుకు పోనక్కర్లేదు, అరుగు మీద చెప్పినా పనికొస్తుంది. ఎందుకంటే అడిగేది దానం కాదన్న సంగతి రెండు వైపులా తెలిసి ఉండటం బేరంలో చాలా తేడా తెస్తుంది.

అరుగు మీద నోరు తెరిచినందుకు ప్రాణాలు పోయిన చరిత్ర కూడా మనకు దూరం కాదు. తమిళనాడు తంజావూరు ప్రాంతంలోని కీళ్వెణ్మణిలో 1968 డిసెంబరు 25 రాత్రి, కూలి పెంచమని సంఘం కట్టిన దళితుల మీద దాడి చేసి, గుడిసెలో దాక్కున్న 44 మందిని తగలబెట్టారు. చాలా మంది ఆడవాళ్ళు, పిల్లలు. మా వైపు నల్గొండ, వరంగల్, ఖమ్మం ఊళ్ళలో 1940లలో వెట్టికి ఎదురుతిరిగిన సంఘాలు చేసిన మొదటి పనుల్లో పాలేర్లకు, కూలీలకు రేటు కట్టడం ఒకటి. అప్పటికీ ఇప్పటికీ కాలం చాలా మారింది. మారనిది ఒకటుంది, అడిగేవాడు ఒక్కడే అయితే వాడి పని ఆ సీజన్‌కు సరి.

ఆడకూలి, మగకూలి అని రెండు రేట్లు ఇప్పటికీ మన ఊళ్ళలో నడుస్తున్నాయి. 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది. అడిగితే చెప్పే జవాబు "పని వేరు కదా" అని. గట్లు వేయడం, మూటలు మోయడం, మందు కొట్టడం మగ పని అట, బరువైంది అట. రోజంతా నీళ్ళలో నడుం వంచి నాటేయడం తేలిక పని అని ఎవరు తూచి చెప్పారు? సాయంత్రానికి కాలివేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని ఊడొస్తుంది, మర్నాడు అదే బురదలో మళ్ళీ దిగాలి. మిర్చి కోసిన చేతులతో రాత్రి అన్నం కలుపుకోలేరు, పసిపిల్లను ముట్టుకోలేరు. విచిత్రమేమిటంటే గుత్తలో ఈ తేడా దానంతటదే మాయమవుతుంది. ఎకరానికి ఇంత అన్నాక ఆడామగా లెక్క ఎవరూ అడగరు. ముఠాలు గుత్తవైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

గుత్తకు ఇంకో ముఖం ఉంది, దాన్ని మన వైపు వాళ్ళు ఒప్పుకోరు. గుత్తలో వేగమే డబ్బు. పొద్దున్నే అయిదింటికి దిగి మధ్యాహ్నానికి ఎకరం లేపేసి ఇంకో ఎకరానికి పరిగెత్తే ముఠాలో అరవై దాటిన ముసలామెకు చోటుండదు. బాలింతకు ఉండదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఉండదు. రోజు కూలిలో వాళ్ళు ఎట్లాగో నెట్టుకొచ్చేవాళ్ళు. గుత్త వచ్చాక వాళ్ళను వదిలేసింది రైతు కాదు, మనమే. మా ముఠాలో దీని మీద పెద్ద గొడవే జరిగింది. చివరికి ఇద్దరు పెద్దవాళ్ళను ఉంచుకుని, నారు కట్టలు అందించడం, వంట, పిల్లల్ని చూడటం వాళ్ళకు అప్పగించి వాటా ముప్పావు ఇచ్చారు. ఆ ముప్పావు న్యాయమా అంటే నా దగ్గర జవాబు లేదు. నోటుబుక్కులో ఆ రెండు పేర్ల పక్కన పెన్సిలుతో రాసేదాన్ని, ఎప్పుడైనా దిద్దాల్సి వస్తుందేమోనని.

ఇక రైతు సంగతి. నేను రాసింది చదివి "రైతు చస్తుంటే మీకు ఆటో కావాలా" అనేవాళ్ళు ఉంటారని తెలుసు. మా అక్క మొగుడే కౌలు రైతు. కౌలు ముందే కట్టాలి, ఎరువు ధర కంపెనీ చెబుతుంది, మిషన్ అద్దె గంటకింతని ఓనరు చెబుతాడు, ధాన్యం ధర మిల్లు దగ్గర తేలుతుంది. బావ బేరమాడగలిగేది ఒక్క కూలిమనిషితోనే. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆ భారమంతా అక్కడికే దిగుతుంది. నాకు కోపం వచ్చేది ఏ రైతు సంఘం నాయకుడైనా కౌలు గురించి మాట్లాడకుండా నేరుగా కూలి రేట్ల మీద పడ్డప్పుడు. మద్దతు ధర కోసం వ్యయాలు, ధరల కమిషన్ వేసే లెక్కలో కూలీలకిచ్చిన డబ్బు మొదటి ఖర్చుల్లోనే ఉంటుంది. సొంత కుటుంబం చేసిన పనికి విలువ కట్టేది కూడా కూలి రేట్లను బట్టే. అంటే కూలి తక్కువ చూపిస్తే పంట ఖర్చు తక్కువ కనిపిస్తుంది, మద్దతు ధర అడిగే గొంతూ తగ్గుతుంది. ఈ మాట బావకు చెబితే "లెక్క బాగుంది మరదలా, ఈ శనివారం కూలి డబ్బులు ఎవరిస్తారు" అన్నాడు. ఆయన మాటా నిజమే. అందుకే నేను రైతును ఎక్కువివ్వమని ఒక్కటే అనడం లేదు, రూపాయి ఖర్చు లేకుండా ఇవ్వగలిగినవి చాలా ఉన్నాయంటున్నాను. నిజం కొలత, నిజం తూకం, చదునైన మడి, చెప్పిన రోజున డబ్బు.

దేశంలో 2011 జనాభా లెక్కల నాటికే వ్యవసాయ కూలీలు 14.4 కోట్లు, సాగుదారులు 11.9 కోట్లు. రైతుల కంటే కూలీల సంఖ్య పెరిగిపోయింది. అయినా "వ్యవసాయ సంక్షోభం" అనగానే ఎవరి ముఖం కళ్ళ ముందుకొస్తుందో మీరే చూసుకోండి.

కూలీలు తక్కువైతే రేటు పెరగడం బజారు నియమం అంటారు కదా. 2020లో లాక్‌డౌన్ వల్ల బీహార్ నుంచి మనుషులు రాక పంజాబ్‌లో నాట్ల కూలి పెరిగినప్పుడు, కొన్ని పంచాయతీలు ఇంతకు మించి ఇవ్వకూడదని తీర్మానాలు చేశాయి. మించితే జరిమానా, బహిష్కరణ అన్నాయి. రేటు పడిపోయినప్పుడు బజారు నియమం, పెరిగినప్పుడు ఊరి కట్టుబాటు! ఇట్లాంటి తీర్మానాలు మన వైపు కూడా గుసగుసగా జరుగుతుంటాయి. ఊరి రైతులంతా కూర్చుని రేటు కట్టడం తప్పు కానప్పుడు, ఊరి ముఠాలన్నీ కూర్చుని రేటు కట్టడం ఎట్లా తప్పవుతుంది? సంఘం పెట్టుకునే హక్కు వ్యవసాయ కూలీలకూ ఉండాలన్న అంతర్జాతీయ ఒప్పందం 1921 నాటిది, మన దేశం దాన్ని ఎప్పుడో ఆమోదించింది.

ఈ మధ్య నాట్లకు బెంగాల్ నుంచీ బీహార్ నుంచీ మగ ముఠాలు దిగుతున్నాయి. తాడు పట్టి వేగంగా నాటేస్తారు, రేటు తక్కువ, పొలంలోనే పడుకుంటారు. మిర్చికి ఛత్తీస్‌గఢ్ నుంచి వస్తారు. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిర్చి కోతకు పోవడం ఏటా చూసేదే. వాళ్ళ వల్లే మన రేటు పడిపోయిందని మనవాళ్ళు పళ్ళు నూరుతారు. మా పక్క పొలంలో దిగిన ఒక బెంగాలీ ముఠాను అడిగితే, రైతు ఎకరానికి ఇచ్చేది మాకంటే పెద్ద తక్కువేం కాదు, మధ్యలో మేస్త్రి కమిషన్ కోసుకున్నాక వాళ్ళ చేతికొచ్చేది తక్కువ. వాళ్ళతో పోట్లాడటం కంటే మా రేటు ఇదని వాళ్ళకు తెలియజేయడం మేలు. వచ్చీరాని హిందీలో అమ్మ అదే చేసింది. మేస్త్రికి నచ్చలేదనుకోండి, అది వేరే కథ.

అసలు "రాను పో" అనగలిగినప్పుడే బేరం బేరమవుతుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం మన వైపు చేసిన పెద్ద పని చెరువులు తవ్వించడం కాదు, ఆ మాట అనగలిగే ధైర్యం ఇవ్వడం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అది మొదలైంది. ఆడామగా ఇద్దరికీ ఒకే రేటు. 2025-26కు రెండు తెలుగు రాష్ట్రాలకూ ప్రకటించిన రేటు రోజుకు 307 రూపాయలు. అంత తక్కువైనా, వేసవిలో ఆ పని ఉంటే వంద రూపాయలకు ఒంటిపూట రమ్మని పిలిచే దమ్ము ఎవరికీ ఉండదు. సీజన్‌లో ఉపాధి పనులు ఆపాలని రైతు సంఘాలు ఎందుకడుగుతూ వచ్చాయో దీన్నిబట్టే తెలుస్తుంది. చట్టాల పేర్లు మారనీ, రోజుల లెక్క మారనీ, సీజన్‌లో ఆ పని ఉందా లేదా అన్నదే కూలివాళ్ళు చూడాల్సింది.

ఒంటికి సంబంధించిన షరతులు అన్నిటికంటే వెనక పడతాయి. పురుగుమందు డబ్బా మీద మూల నిలబెట్టిన చదరంలో ఒక రంగు ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రాకపోయినా రంగు తెలుస్తుంది. కలుపుకు పిలిచినప్పుడు "మందు ఎప్పుడు కొట్టారు, డబ్బా చూపించండి" అనడం బేరంలో భాగం కావాలి. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ రైతులూ కూలీలూ పలువురు చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. కొట్టేవాడికి గ్లౌజులు, మాస్కు ఎవరు కొంటారన్నది ముందే తేలాలి. తాగునీళ్ళ డబ్బా రైతు పెట్టాలి, కాలువ నీళ్ళు తాగమనకూడదు. ఆడవాళ్ళు పక్కకు పోవడానికి చాటు లేని చోట ఒక పాత చీరైనా కట్టించాలి. ఇవన్నీ అడగడానికి సిగ్గుపడేవాళ్ళే ఎక్కువ. అమ్మ కూడా చీర సంగతి ఎప్పుడూ రైతుతో కాదు, రైతు భార్యతో మాట్లాడేది.

దెబ్బల సంగతి ఇప్పటికీ తెగలేదు. ట్రాక్టరుతో, మిషన్లతో చేసే సాగు పనిలో గాయపడితే పరిహారం ఇవ్వాలని 1923 నాటి చట్టంలోనే రాశారు, తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టే అంత. ట్రాక్టరు ట్రాలీలో మనుషుల్ని ఎక్కిస్తే బీమా కంపెనీ ఆ ఒక్క సాకుతో చేతులు దులుపుకుంటుంది కనక ట్రాలీ ఎక్కబోమని మా ముఠా గట్టిగానే చెప్పింది. రైతులూ ఒప్పుకున్నారు. ఆటోలో పరిమితికి మించి ఎక్కకూడదన్న మాట మాత్రం మేమే నిలబెట్టుకోలేకపోతున్నాం, రెండు ఆటోలంటే ఖర్చు రెండింతలు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి మనిషికి 20 రూపాయలు, ముఠా మొత్తానికి ఆ డబ్బు పది మంది రైతులూ వేసుకోవాలని ఈసారి అడిగాం. దానికి ఎవరూ కాదనలేదు. కానీ ఆ బీమా ప్రాణం పోతేనో, శాశ్వతంగా అవిటితనం వస్తేనో ఇచ్చేది. చెయ్యి విరిగి నెల రోజులు మంచాన పడితే పైసా రాదు. ఆ నెల రోజుల కూలి, ఆసుపత్రి ఖర్చు ఎవరిదన్న దగ్గర బేరం ఆగి ఉంది. ఆటోవాడిది అని రైతులంటారు. ఎక్కువమంది ఎక్కింది వాళ్ళే కదా అని ఆటోవాడంటాడు. సగం రైతు, సగం ముఠా అని అమ్మ ఒక మాట వదిలింది. రైతుల్లో ముగ్గురు సరేనన్నారు, మిగతావాళ్ళు చూద్దామన్నారు.